గాయక బాలురు: లండను సెయింట్ పాల్ దేవాలయ బృంద చరిత్ర

లండను నగరమును చూచి వచ్చిన మన మిత్రులలో సెయింట్ పాల్ దేవాలయపు గుమ్మటమును గూర్చి ముచ్చటింపని వారరుదు. 1666లో నగరమును దహించిన మహాగ్నికి పాత దేవాలయము ఆహుతి కాగా, క్రిస్టఫర్ రెన్ అను వాస్తుశిల్పి 1675 మొదలు 1710 వరకు ముప్పదియైదేండ్లు శ్రమించి నేటి కట్టడమును నిలిపెను. యాత్రికులు మెట్లెక్కి గుమ్మటమును చూచి, నేలమాళిగలోని నెల్సన్, వెల్లింగ్టన్ సమాధులను దర్శించి మరలి వత్తురు. కాని సాయంసమయమున ఒక గంట సేపు అచట ఆగినవారికి ఆ గుమ్మటము కంటె సుమారు ఆరువందల ఏండ్లు ప్రాచీనమైన మరియొకటి చెవి సోకును. అది ఆ దేవాలయపు గాయకబృందము.

రాతికట్టడమునకు మరమ్మతులు చేయించుచు ఎన్ని శతాబ్దములైనను నిలుపుకొనవచ్చును. గాయకబృందమునకు అట్టి వీలు లేదు. అందు పైస్థాయిని పాడు బాలుని కంఠము ఐదారేండ్లకు మించి పనికిరాదు. యౌవనము తలచూపగనే గొంతు మారును. అతని చోట మరియొక పసివాడు వచ్చి నిలుచును. ఇట్లు తొమ్మిది శతాబ్దములుగ పిల్లలు వచ్చుచు పోవుచుండగా బృందము మాత్రము నిలిచియున్నది. ఆ పిల్లల నుండి సంస్థ ఏమి పుచ్చుకొన్నది, మారుగ వారికేమి ఇచ్చినది, గొంతు పోయిన పిదప వారేమైరి అను ప్రశ్నలే ఈ చరిత్రకు ప్రాణము. పాఠక మహాశయులకు ఆ కథను సంగ్రహముగ విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పాఠశాల పుట్టుక

బిషప్పు పీఠముండు ఆలయమును ఆంగ్లేయులు కెథీడ్రల్ అందురు. సెయింట్ పాల్ క్షేత్రమున తొలి దేవాలయము క్రీ. శ. 604లో వెలసినది. మధ్యయుగములలో అట్టి ఆలయములందు దైవప్రార్థన చదువబడుట కాక, దినమునకు పలుమారులు పాడబడుచుండెను. సంగీతము బహుస్వరముగ వృద్ధి పొందిన కొలది, పెద్దవారి గంభీర కంఠములకు తోడుగ సన్నని పైస్థాయి కంఠములు ఆవశ్యకములయ్యెను. స్త్రీలకు ఆ బృందములలో ప్రవేశము లేదు. అందుచే చిన్న బాలురను చేరదీసిరి. 1123లో తమ పాఠశాల ఆరంభమైనదని సెయింట్ పాల్ వారి సంప్రదాయము. దేవాలయపు దానధర్మములను చూచు అధికారి తన గృహమున ఈ పిల్లలకు తిండి, బట్ట, చదువు సమకూర్పవలెననియు, అందులకై భూములు, ఆదాయములు కేటాయింపవలెననియు ఆనాటి పెద్దలు ఏర్పాటు చేసిరి. ఈ ఏర్పాటును చదువరులు గుర్తుంచుకొందురు గాక; ఏడు శతాబ్దముల పిమ్మట ఇదియే ఒక గొప్ప వివాదమునకు మూలమైనది.

నిత్యజీవితము

ఈ బాలుర దినచర్య మన వేదపాఠశాలల విద్యార్థుల దినచర్యను తలపింపజేయును. ఏడెనిమిదేండ్ల ప్రాయమున కంఠమును, చెవిని, చురుకుదనమును పరీక్షించి వారిని చేర్చుకొందురు. మొదట కొంతకాలము అభ్యాసకులుగ నుండి, పెద్ద పిల్లల ప్రక్కన నిలిచి, వారిని చూచియే సగము విద్య నేర్తురు. పదమూడేండ్ల వరకు అచటనే వసతి, భోజనము, చదువు. ఉదయము తరగతులకు ముందే సంగీత సాధన, పగలు అందరు పిల్లల వలెనే లెక్కలు, చరిత్ర, ఆటలు, మరల సాధన, సాయంకాలము ఐదు గంటల ప్రాంతమున ప్రార్థన. స్వరలిపిని చూచినంతనే తడుముకొనక పాడగల నేర్పు పది పదునొకండేండ్లకే వారికి అలవడును.

బృందము రెండు వరుసలుగ విడివడి ఎదురెదురుగ నిలుచును. కీర్తనలోని ఒక చరణమును ఒక వైపు వారు, మరుసటి చరణమును రెండవ వైపు వారు అందుకొందురు. మన పల్లెలలో భజన గోష్ఠి రెండు జట్లయి పాడుట ఎరిగినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. బైబిలులోని నూట ఏబది కీర్తనలను ముప్పది దినములకు పంచి, నెలకొక ఆవృత్తిగ పాడవలెనని ఆంగ్ల ప్రార్థన గ్రంథము విధించినది. ముప్పది మంది దాక పిల్లలును, పండ్రెండు మంది వయోజన గాయకులును కూడినదే నేటి బృందము. గుమ్మటము క్రింద ఒక్క స్వరము పలికినచో అది పలు సెకన్ల వరకు ప్రతిధ్వనించుచునే యుండును. కనుక ముందు పాడినది వెనుక పాడుదానిని కప్పివేయకుండ, ఎచట ఎంత ఆగవలెనో పిల్లలు చెవితోనే నేర్చుకొనవలసి యుండును. దేశమంతయు పండుగ చేసికొను క్రిస్మసు, ఈస్టరు దినములలో వీరికి సెలవు లేదు. ఆనాడే పని మెండు. తల్లిదండ్రులే దేవాలయమునకు వచ్చి, పాట ముగిసిన తరువాత బిడ్డలను ఇంటికి తీసికొని పోవుదురు.

బాల బిషప్పు

మధ్యయుగములలో ఈ పిల్లలకు ఏటికొక దినము మాత్రము రాజయోగము పట్టుచుండెను. హేరోదు రాజు శిశువులను చంపించిన ఉదంతమును స్మరించు డిసెంబరు 28వ తేదీన, గాయక బాలురలో ఒకడు బిషప్పు వేషము దాల్చి, దండము చేబూని, పెద్దల ఆసనమున కూర్చుండి ఉపన్యసించెడివాడు. తక్కిన బాలురు పెద్దల స్థానములను ఆక్రమింపగా, పెద్దలు పిల్లల స్థానములలో నిలిచెడివారు. ఇది కేవలము వినోదము కాదు. దేవాలయ పాలకుడును గొప్ప పండితుడునగు జాన్ కాలెట్, తాను నెలకొల్పిన మరియొక పాఠశాల విద్యార్థులు ఆనాడు విధిగ వచ్చి బాల బిషప్పు ఉపన్యాసమును విని, తలకొక పెన్నీ సమర్పింపవలెనని నిబంధన వ్రాసెను. ఎనిమిదవ హెన్రీ 1541లో ఈ ఆచారమును నిషేధించెను. మేరీ రాణి కాలమున అది కొంత తిరిగి తలయెత్తి, ఎలిజబెత్తు రాణి నాటికి అంతరించెను. ఏటికొక్క దినమైనను పిల్లవాని ముందు పెద్దలు తలవంచిన ఆచారము పోయిన పిదప, పిల్లలకు సంక్రమించిన దశ అంత శ్లాఘనీయమైనది కాదు.

రంగస్థలమునకు బందీలు

ఎలిజబెత్తు రాణి కాలమున సెయింట్ పాల్ బాలురు గొప్ప నటులుగ పేరొందిరి. దేవాలయ ప్రాంగణములోనే ఒక చిన్న నాటకశాల ఉండెను. జాన్ లిలీ వ్రాసిన నాటకములను 1580 దశకమున వీరు ప్రదర్శించిరి. నడుమ కొన్నేండ్లు ప్రదర్శనలు ఆగి, 1599 ప్రాంతమున మరల ఆరంభమై, 1606 వరకు సాగినవి. లండను పౌరులు బాల నటుల వెంటబడి పెద్ద నటులను విడిచిపెట్టిరని షేక్స్‌పియరు తన హామ్లెట్ నాటకమున ఒకచో ఎత్తిపొడిచెను. ఆ కాలమున లండనులో ఇట్టి బాల నటసంఘములు మరికొన్నియు ఉండెను.

ఈ కీర్తి వెనుక ఒక చీకటి కలదు. మంచి కంఠము గల బాలుడు ఎచట కనబడినను పట్టి తెచ్చుకొను అధికారమును రాజాజ్ఞ గాయకాచార్యులకు ఇచ్చుచుండెను. 1585లో సెయింట్ పాల్ గాయకాచార్యుడగు థామస్ జైల్స్ అట్టి ఆజ్ఞాపత్రమును పొందెను. దైవసేవకై ఉద్దేశింపబడిన ఈ అధికారము నాటక వ్యాపారమునకు ఉపయోగపడసాగెను. 1600 డిసెంబరులో, రాజాలయ గాయకబృందము పేరు చెప్పుకొని బ్లాక్‌ఫ్రయర్స్ నాటకశాల నడుపువారు, బడికి పోవుచున్న థామస్ క్లిఫ్టన్ అను పదమూడేండ్ల బాలుని దారిలో పట్టుకొని పోయిరి. అతని తండ్రి హెన్రీ క్లిఫ్టన్ పలుకుబడి గలవాడగుటచే ఉన్నతాధికారులను ఆశ్రయించి కుమారుని విడిపించుకొనెను. పిదప న్యాయస్థానమున ఫిర్యాదు చేసెను. ఆ ఫిర్యాదులో అట్లే కొనిపోబడిన ఇతర బాలుర పేర్లును ఉన్నవి. వారిలో సాల్మన్ పేవీ అనువాడు సెయింట్ పాల్ గాయకాచార్యుని శిష్యుడు. వానిని విడిపించు తండ్రి కనబడలేదు. వృద్ధుల పాత్రలను అద్భుతముగ నటించిన ఆ బాలుడు 1602లో, సుమారు పదమూడేండ్లకే మరణించెను. బెన్ జాన్సన్ మహాకవి వానిపై స్మృతిపద్యము వ్రాయుట చేత ఆ పేరు మనకు దక్కినది. పేరు దక్కని పిల్లలెందరో!

మౌనము, పునరుద్ధరణ

1640 దశకమున ఆంగ్లదేశమున అంతర్యుద్ధము చెలరేగి, ప్యూరిటనులది పైచేయి కాగా, దేవాలయములలో బృందగానము ఆగిపోయెను. ఆర్గన్ వాద్యములు పెక్కింటిని పగులగొట్టిరి. 1660లో రాచరికము తిరిగి వచ్చి బృందములను పునరుద్ధరింపబూనినపుడు ఒక చిక్కు ఎదురయ్యెను. వయోజన గాయకులు కొందరు బ్రతికియుండిరి. కాని పైస్థాయి పాడుటకు శిక్షణ పొందిన బాలుడు దేశమున ఒక్కడును లేడు. పదునైదేండ్లకు పైగ పాట ఆగగా, మూడు తరముల పిల్లలు గొంతు మారి పోయిరి. కొంతకాలము వరకు ఆ స్వరములను ఒకవిధమైన కొమ్ముబూర మీద వాయించియు, పురుషులు గొంతు సన్నగించి పాడియు గడుపవలసి వచ్చెను. పిల్లల నుండి పిల్లలకు అందు విద్య ఒకసారి తెగినచో, తిరిగి అతుకుట ఎంత కష్టమో దీనివలన విదితమగుచున్నది.

రెన్ నిర్మించిన క్రొత్త దేవాలయమున 1697లో తొలి ప్రార్థన జరిగినది. ఆ తరువాతి తరములలో గురుశిష్య పరంపర మరల కుదురుకొనెను. గాయకాచార్యుడు జెరెమయా క్లార్క్ వద్ద పాడిన బాలుడు మారిస్ గ్రీన్ 1718లో, ఇరువదిరెండేండ్ల వయస్సుననే ఆ దేవాలయపు ఆర్గన్ విద్వాంసుడయ్యెను. గ్రీన్ శిష్యుడు విలియం బాయిస్. ఇతడును అచటి పూర్వ గాయక బాలుడే, ఒక వడ్రంగి కుమారుడు. ప్రాచీన దేవాలయ సంగీతమంతయు చేతివ్రాతలలో తప్పులతడకగ నశించుచుండుట చూచి గ్రీన్ దానిని సేకరింప మొదలిడి, ముగింపకయే 1755లో కన్నుమూసెను. గురువు వదలిన పనిని బాయిస్ చేపట్టి, 1760 నుండి 1773 వరకు మూడు సంపుటములుగ ప్రకటించెను. అప్పటికే అతనికి చెవుడు ముదురుచుండెను. తాను వినలేని సంగీతమును పరిష్కరించి లోకమునకు వినిపించిన ఆ విద్వాంసుని 1779లో, బాల్యమున తాను పాడిన గుమ్మటము క్రిందనే సమాధి చేసిరి.

గొంతు మారిన బాలుని గతి

అందరికిని ఇట్టి భాగ్యము పట్టలేదు. గొంతు మారిన బాలుడు ఆనాటి సంస్థలకు ఎంత బరువో తెలిసికొనుటకు ఐరోపాలోని మరియొక కెథీడ్రల్ కథ చాలును. 1740 ప్రాంతమున వియన్నా నగరపు సెయింట్ స్టీఫెన్ దేవాలయ బృందమున ఒక బండిచక్రముల వడ్రంగి కుమారుడు చేరెను. అతడే జోసెఫ్ హేడన్. తొమ్మిదేండ్ల వరకు అతని కంఠము ఆ దేవాలయమున మ్రోగినది. ఆ బడిలో భోజనము చాలకపోవుటచే, సంపన్నుల ఇండ్లలో పాడినపుడు దొరకు ఫలహారములకై ఎదురుచూచెడివాడట. గొంతు మారగనే, తోటి బాలుని జడ కత్తిరించెనను చిలిపి నేరము మోపి, బెత్తముతో కొట్టి వీధిలోనికి వెడలనడచిరని అతని చరిత్రకారులు వ్రాసియున్నారు. తలదాచుకొన చోటు లేని ఆ యువకుడు ఒక మిద్దె గదిలో చలికి వడకుచు, పాఠములు చెప్పుకొనుచు పైకి వచ్చెను.

ఆ హేడనే వృద్ధుడై, జగద్విఖ్యాతుడై, 1792లో లండనునకు వచ్చియుండగా, సెయింట్ పాల్ దేవాలయమున ఏటేట జరుగు ధర్మపాఠశాలల ఉత్సవమున వేలకొలది పేదపిల్లలు ఏకకంఠముగ పాడుట వినెను. తన జీవితమున ఏ సంగీతమును తన్నింతగ కదిలింపలేదని దినచర్యలో వ్రాసికొనెను. బాల్యమున కంఠమున్నంత వరకే ఆదరణ పొందిన మనిషికి ఆ పిల్లల పాట అంతగ హృదయమును తాకుటలో వింత ఏమున్నది?

మేరియా హాకెట్

19వ శతాబ్దము ఆరంభమగునప్పటికి సెయింట్ పాల్ బాలుర స్థితియు దయనీయమై యుండెను. పూర్వులు పిల్లల పోషణకై ఏర్పరచిన ఆదాయములు పెరిగినను, వాటి ఫలము పిల్లలకు అందుట లేదు. గాయకాచార్యుని ఇంట వసతి ఇచ్చు ఆచారము మరుగుపడినది. సంగీతము తప్ప వేరు చదువు నామమాత్రము. పైగా రాత్రులందు నగరములోని కచ్చేరీలకు పిల్లలను కూలికి పంపుచుండిరి. అది ముగిసిన పిదప అపరాత్రివేళ ఆ పసివారు లండను వీధులలో ఒంటరిగ నడచి ఇండ్లకు చేరవలసినదే.

ఆ కాలమున మేరియా హాకెట్ అను యువతి తన బంధు బాలుని ఈ బృందమున చేర్పించెను. ఆమె 1783లో జన్మించినది. బాలుని స్థితిని చూచి విస్మయమొంది, ఊరకుండక, దేవాలయపు ప్రాచీన శాసనములను, దానపత్రములను వెదకి చదివెను. పిల్లలకు తిండి, బట్ట, చదువు ఈయవలసిన బాధ్యత దేవాలయాధికారులదేనని వ్రాతమూలమైన ఆధారములతో నిరూపించుచు, 1810 మొదలు బిషప్పునకును, పాలకులకును లేఖలు వ్రాసెను. ఒక స్త్రీ, అందును ఏ పదవియు లేనిది, మహాపండితులగు మతాధికారులకు వారి శాసనములనే చదివి వినిపించుట వారికి రుచింపలేదు. పెక్కు లేఖలకు జవాబు రాలేదు. ఆమె ఆ లేఖలను, సాక్ష్యములను అచ్చొత్తించి లోకము ముందుంచెను. స్వంత ధనము వెచ్చించుటకును వెనుదీయలేదు. ప్రభుత్వ కార్యాలయములలో పాత దస్త్రమొకటి వెదకి న్యాయము చేకూర్చుట ఎంతటి సహనముతో కూడిన పనియో మనవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఆమె అంతటితో ఆగలేదు. దేశమునందలి ఇతర కెథీడ్రళ్ళలోని పిల్లలెట్లున్నారో స్వయముగ చూడదలచెను. రైలు లేని దినములలో ఆరంభించి, అర్ధశతాబ్దము పాటు, మూడేండ్లకొకమారైనను ప్రతి కెథీడ్రలును దర్శించి, పిల్లల వసతిని, చదువును విచారించెడిది. పోయిన చోటనెల్ల ప్రతి బాలునికి ఒక పుస్తకము, ఒక చిన్న డబ్బు సంచి, ఒక క్రొత్త షిల్లింగు ఇచ్చుట ఆమెకు వాడుక. ఆమె సాధించిన సంస్కరణలు ఒక్కసారిగ వచ్చినవి కావు. ఒక తరము అధికారులు గతించి రెండవ తరము వచ్చునప్పటికి, ఆమె అడిగినది న్యాయమేయని ఒక్కొక్క దేవాలయమే ఒప్పుకొనుచు వచ్చెను. గాయక బాలుర నేస్తమని ఆమెకు బిరుదు నిలిచినది. 1874లో, తొంబదియొకటవ ఏట ఆమె పరమపదించెను.

పాడిన బాలుడే పాలించిన కాలము

హాకెట్ ఆదరించిన పిల్లలలో జాన్ స్టెయినర్ ఒకడు. 1840లో జన్మించి, పసితనముననే ఒక కంటి చూపు కోల్పోయిన ఈ బాలుడు తొమ్మిదేండ్ల ప్రాయమునకే సెయింట్ పాల్ బృందమున పాడుచుండెను. 1852లో వెల్లింగ్టన్ ప్రభువు అంత్యక్రియలలో పాడిన బాలురలో ఇతడును కలడు. ఇతని ప్రతిభను గుర్తించి, ఆర్గన్ విద్యకు అగు వ్యయమును హాకెట్ భరించెను. ఆ విత్తనము వృథా కాలేదు. స్టెయినర్ ఇరువదేండ్లకే ఆక్స్‌ఫర్డులోని మాడలిన్ కళాశాలకు ఆర్గన్ విద్వాంసుడై, 1872లో సెయింట్ పాల్ దేవాలయమునకే ప్రధాన విద్వాంసుడుగ మరలి వచ్చెను.

బాలుడుగ నుండి ఏ కొరతలు అనుభవించెనో అధికారియై వాటిని తీర్చుట అతని విశిష్టత. నాటి దేవాలయ పాలకుడగు డీన్ చర్చి అను పెద్దమనుష్యుని అండతో స్టెయినర్ బాలుర సంఖ్యను పెంచెను. సాధనను క్రమబద్ధము చేసెను. వయోజన గాయకుల హాజరును కట్టుదిట్టము చేసెను. దేవాలయమునకు దాపున కార్టర్ వీధిలో పిల్లలకై వసతితో కూడిన పాఠశాలా భవనము 1874, 1875 సంవత్సరములలో వెలసినది. హాకెట్ అరువదేండ్లకు పైగ అడిగిన ఇల్లు ఆమె కన్నుమూసిన కాలముననే పిల్లలకు దక్కినది. ఆ భవనము తరువాతి కాలమున యువ యాత్రికుల వసతి గృహమైనది. పాఠశాల 1960 దశకమున దేవాలయమునకు తూర్పున, యుద్ధమున కూలిన ఒక చర్చి గోపురము ప్రక్కన క్రొత్త భవనములోనికి మారెను. చూపు మందగించుటచే స్టెయినర్ 1888లో పదవి విడిచి, పిదప ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున సంగీతాచార్యుడై, 1901లో మరణించెను.

పూర్వ గాయకులు

కార్టర్ వీధి బడిలో చదివిన వారందరు సంగీత విద్వాంసులు కాలేదు, కానక్కరయు లేదు. 1873లో జన్మించిన వాల్టర్ డి లా మేర్ ఆ బడి పిల్లవాడే. 1889లో అచట పిల్లల పత్రిక నొకదానిని స్థాపించి తానే సంపాదకుడయ్యెను. గొంతు మారిన పిదప పై చదువులకు ధనము లేక, 1890లో ఒక నూనె కంపెనీ లెక్కల విభాగమున గుమాస్తాగ చేరి, పదునెనిమిదేండ్లు అంకెల నడుమ గడపెను. ఆ గుమాస్తాయే రాత్రులు కూర్చుండి పిల్లల పద్యములు వ్రాసి, ఆంగ్ల సాహిత్యమున శాశ్వత స్థానము సంపాదించెను. 1908లో ప్రభుత్వ భృతి లభించిన పిదపనే అతడు కొలువు విడువగలిగెను. 1956లో అతడు చనిపోగా, చితాభస్మమును సెయింట్ పాల్ నేలమాళిగలో నిక్షేపించిరి. పగలెల్ల దస్త్రములతో గడపి, సాయంకాలము సాహిత్యమునకు ఒక గంట మిగుల్చుకొను మన సభ్యులకు ఈ కవి పరాయివాడుగ తోపడు.

క్రికెట్టు ప్రియులకు మరియొక పేరు చెప్పవలెను. ఇంగ్లండు జట్టు నాయకుడుగ 2012లో మన గడ్డపైననే మనపై టెస్టు పోటీల వరుసను గెలిచిన ఆలిస్టర్ కుక్ ఎనిమిదేండ్ల ప్రాయమున సెయింట్ పాల్ బృందమున చేరినవాడు. 2006లో నాగపూరున మన జట్టుపైననే తొలి టెస్టులో శతకము సాధించి, 2018లో లండను ఓవల్ మైదానమున మరల మనపైననే శతకముతో విరమించెను. మొత్తము 12,472 పరుగులు, 33 శతకములు. గంటల తరబడి చెదరని తన ఏకాగ్రతకు బాల్యమున గాయకబృందపు కఠిన శిక్షణయే పునాదియని అతడు చెప్పియున్నాడు. పాట నేర్పినది పాటకు మాత్రమే పనికివచ్చునను భ్రమ ఇట్టి ఉదాహరణములచే తొలగును.

ఆంగ్లదేశపు కెథీడ్రళ్ళలో పాడినవారు తమ తమ ఊళ్ళలో పూర్వ గాయకుల సంఘములను నెలకొల్పుకొనిరి. 1910లో ఆ సంఘములన్నియు ఒక సమాఖ్యగ ఏర్పడినవి. తలలు నెరసినవారు ఏటికొకమారు ఒకచో చేరి, చిన్ననాడు నిలిచిన వరుసలలో నిలిచి, ఇప్పుడు మంద్రస్థాయిలో ఆ కీర్తనలనే పాడుదురు. తొమ్మిదేండ్లకు నోటికి వచ్చిన కీర్తన డెబ్బదేండ్లకును మరువబడదు. క్రొత్త పిల్లల చదువునకు, సంగీతవ్యయమునకు తోడ్పడుటయు ఇట్టి సంఘముల వ్రతములలో నొకటి.

యుద్ధకాలము, నేటి మార్పు

1939లో ప్రపంచ యుద్ధము రాగానే బాలురను లండను నుండి దూరమున కార్న్‌వాల్ సీమలోని ట్రూరో పట్టణమునకు తరలించిరి. యుద్ధము ముగియు వరకు వారచటనే చదువుచు, అచటి కెథీడ్రల్‌లో పాడుచుండిరి. 1940 అక్టోబరులో ఒక బాంబు సెయింట్ పాల్ ప్రధాన వేదికను ధ్వంసము చేసెను. 1941 ఏప్రిలులో మరియొకటి ఉత్తరపు విభాగమున పడెను. ఎలిజబెత్తు కాలమున కంఠమునకై బాలుని బలాత్కారముగ కొనిపోయిన దేశమే, మూడున్నర శతాబ్దముల పిదప బాలుని క్షేమమునకై దేవాలయమున పిల్లల పాటనే ఆపివేసికొనెను. ఈ రెండు సంగతుల నడుమ గల దూరమే ఈ చరిత్రలో నిజమైన పురోగతి.

అన్ని శతాబ్దములు గడచినను బాలికల ప్రసక్తి మాత్రము రాలేదు. 1991లో సాల్స్‌బరి కెథీడ్రల్ బాలికలకై ప్రత్యేక బృందము నెలకొల్పి దారి తీసెను. బాలుర సంప్రదాయము క్షీణించునని భయపడినవారు లేకపోలేదు. కాని కాలక్రమమున ఇతర కెథీడ్రళ్ళు పెక్కు ఆ దారినే పట్టినవి. సెయింట్ పాల్ ఆలస్యముగ మేల్కొనెను. 2017లో వయోజనుల వరుసలో ఒక మహిళకు తొలిసారి శాశ్వత స్థానము లభించినది. 2024లో తొలి బాలికలు పూర్తి గాయకులుగ బృందమున చేరిరి. ఒక స్త్రీ దయచేత నిలిచిన బృందమున ఆడుపిల్ల నిలుచుటకు, ఆ స్త్రీ గతించిన పిదప నూట ఏబదేండ్లు పట్టినది.

మన దేశమునందు

ఈ సంప్రదాయపు జాడలు మన దేశమునను కలవు. బొంబాయిలోని సెయింట్ థామస్ దేవాలయమునకు గాయక బాలురను సమకూర్చుట ఒక ఉద్దేశముగ 1860లో ఆ నగరపు బిషప్పు నెలకొల్పిన బడియే నేటి ప్రఖ్యాతమైన కెథీడ్రల్ పాఠశాలకు మూలము. ఆ దేవాలయమునకు పోవు కోట ద్వారము పేరనే చర్చిగేటు అను పేరు వెలసినది. తెలుగునాట మాత్రము దారి వేరయ్యెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు కెథీడ్రల్ శిల్పము పాశ్చాత్యమైనను, తెలుగు క్రైస్తవులు తరతరములుగ పాడుకొను కీర్తనలు రాగతాళములతో కూడినవి. 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరి గారి వంటి వాగ్గేయకారులు రచించిన ఆ కీర్తనలను పాడుటకు శిక్షితులగు బాలుర వరుస అక్కరలేదు. ముసలివారు, స్త్రీలు, పిల్లలు అందరు కలసి గొంతెత్తుదురు. లండను బాలుని పాట పరాకాష్ఠకు చేరిన కళ. మన పల్లె కీర్తన అందరి సొత్తు. దేని అందము దానిదే.

మన రంగస్థలమునను లోహితాస్యుడు, ప్రహ్లాదుడు మొదలగు పాత్రలు ధరించి, పద్యము పాడి జనులను కంటతడి పెట్టించిన బాలురెందరో కలరు. గొంతు మారిన పిదప వారేమైరో అడిగినవారు కొందరే. ఉగాది సభలలో మన పిల్లలు వేదిక నెక్కి పాడునపుడు మనము చప్పట్లు కొట్టుదుము, బహుమతులిత్తుము. కంఠము దైవదత్తము, అది కొన్నాళ్ళుండును, పోవును. కాని ఆ కంఠము గల బిడ్డ మిగులును. ఆ బిడ్డ చదువును, నిద్రను, ఆటను, రేపటి బ్రతుకును గూర్చి విచారించుటయే పెద్దల ధర్మమని ఏ అధికారమును లేని ఒక స్త్రీ అరువది నాలుగేండ్లు పట్టుబట్టి చెప్పినది. సెయింట్ పాల్ సాయంసంకీర్తన నేటికిని ఆగక సాగుచున్నదన్న, అందులకు రెన్ కట్టిన గుమ్మటము ఎంత కారణమో, ఆమె వ్రాసిన లేఖలును అంత కారణమని చెప్పుట అతిశయోక్తి కానేరదు.